గంజాయి దుకాణం: నాటి లైసెన్సు, నేటి జప్తు

కొత్తగూడెం: ధరవరల పట్టికలో ఎన్నడూ కనిపించని సరుకు ఒకటి ఈ వూరి మీదుగా నడుస్తున్నది. మిర్చి ధర ఖమ్మం యార్డులో తేలుతుంది. బొగ్గు ధరను గ్రేడుల వారీగా సింగరేణి సంస్థ ప్రకటిస్తుంది. తునికాకు యూనిట్లకు అటవీశాఖ టెండర్లు పిలుస్తుంది. గంజాయికి మాత్రం యార్డు లేదు, పాట లేదు, కాంటా లేదు. పట్టుబడిన నాడు పోలీసులు పంచనామాలో వ్రాసిన విలువే దానికి ధర. ఆ విలువ నిజమా కాదా అని తేల్చి చెప్పగల దలారీ ఎవరూ ముందుకు రారు.

అయినా ఈ సరుకు సంగతి వర్తకులకు పట్టనిది కాదు. దీనికి రెండు కారణాలున్నవి. అమెరికా, కెనడా దేశాలలో గంజాయి చిల్లర దుకాణాలకు లైసెన్సులు ఇచ్చినప్పటి నుంచి, వైన్ షాపులకు మల్లే ఇక్కడ కూడా ఎప్పటికైనా టెండరో, డ్రానో పెడతారేమోనన్న మాట అప్పుడప్పుడు వినవస్తున్నది. ఇది మొదటిది. రెండవది అంతకన్న బరువైనది. ఈ సరుకుతో ఏ సంబంధమూ లేని లారీ యజమాని, ట్రాన్స్‌పోర్టు ఏజెంటు, గోదాము సొంతదారు కూడా దీని మూలాన కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చును.

మొదటి మాటకు జవాబు చెప్పాలంటే కొంత వెనక్కు వెళ్ళక తప్పదు. ఎందుకనగా ఈ దేశంలో గంజాయి దుకాణాలకు లైసెన్సులివ్వడం కొత్త సంగతి కాదు.

తోలాల లెక్కన అమ్మిన రోజులు

బ్రిటిషు పాలనలో గంజాయి ఆబ్కారీ సరుకు. కల్లు, సారా, నల్లమందు ఎట్లాగో ఇదీ అట్లాగే. సాగుకు పర్మిటు, నిల్వకు సర్కారు గోదాము, రవాణాకు పాసు, చిల్లర అమ్మకానికి దుకాణం లైసెన్సు. మద్రాసు రాజధానిలో 1886 నాటి ఆబ్కారీ చట్టం వుండేది. తెలుగు జిల్లాలలో ఈ పంటకు పేరుబడినది అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా దగ్గుపాడు ప్రాంతం. నేడు పొగాకుకు, సెనగకు, మిర్చికి పేరుబడిన ఆ నల్లరేగడి పల్లెలలో ఒకప్పుడు గంజాయి కూడా లెక్క ప్రకారం పండించిన పంటేనంటే నేటి తరం కమిషన్ వర్తకులు ఆశ్చర్యపోతారు.

బెంగాలులో నౌగాఁవ్ పరగణా, మధ్య పరగణాలలో ఖండ్వా, బొంబాయి రాజధానిలో అహమద్‌నగర్ ఈ సరుకుకు పెద్ద కేంద్రాలు. నౌగాఁవ్ సరుకులో బల్లపరుపు, గుండ్రం, చూరు అని మూడు రకాలు కట్టేవారు. చూరు అంటే కాడలు తీసివేసిన పొడి సరుకు. కాడలు తక్కువ గనుక దానిమీద సుంకం ఎక్కువ. తూకంలో చెత్తకు ధర కట్టరాదన్న ఈ సూత్రం మిర్చి తాలు, మేలు తెలిసిన వారికి విడమరచి చెప్పనక్కరలేదు. నౌగాఁవ్ రైతులు 1917లో సహకార సంఘం కూడా పెట్టుకున్నారు.

ఈ వ్యాపారం మూలంగా జనం చెడిపోతున్నారని బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్న రాగా 1893లో విచారణ సంఘం నియమించబడినది. డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్ దాని అధ్యక్షుడు. సంఘం 1,193 మంది సాక్షులను విచారించి 1894లో ఏడు సంపుటాల నివేదిక సమర్పించినది. సాక్షులలో డాక్టర్లు, కలెక్టర్లు, సాగుదారులు, వర్తకులు, సాధువులు కూడా వున్నారు. పూర్తి నిషేధం అవసరమూ కాదు, ఆచరణకు తగినదీ కాదని సంఘం తేల్చినది. సాగును కొద్ది ప్రాంతాలకు కుదించాలి, సుంకం తగినంత విధించాలి, దుకాణాల సంఖ్య తగ్గించాలి, ఒక మనిషి దగ్గర వుండదగిన పరిమాణానికి హద్దు పెట్టాలి అన్నది దాని సలహా. ఆ హద్దు గంజాయికి 5 తోలాలు, అంటే నేటి తూకంలో 58 గ్రాములు. భంగుకు పావు సేరు.

పన్ను కట్టే పద్ధతి విషయంలో సంఘం చెప్పినది నేటి వేలం పాటలకు కూడా వర్తించే మాట. జిల్లా మొత్తాన్ని ఒకే పాటదారుకు ఇజారా యిస్తే, పాట సొమ్ము రాబట్టుకోవడానికి అతడు అమ్మకం పెంచక మానడు. సేరుకింత అని తూకం మీద సుంకం విధించితే అమ్మకం పెరిగినకొద్దీ సర్కారుకు సొమ్ము వస్తుంది, సరుకు మాత్రం ఖరీదవుతుంది. పాట పెరిగితే తాగుడు పెరుగుతుంది, సుంకం పెరిగితే తాగుడు తగ్గుతుంది. వంద సంవత్సరాల తరువాత సారా పాటల కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో పల్లె పల్లెనా కనబడినది మొదటి సగమే.

కొత్తగూడెం అప్పట్లో నిజాం రాజ్యంలోనిది. ఇక్కడి ఆబ్కారీకి 1316 ఫసలీ నాటి చట్టం వుండేది. కల్లు, సారా కంట్రాక్టులను హర్రాజు వేసేవారు. భూమిశిస్తు పక్కన పెట్టి చూస్తే సర్కారు ఖజానాకు ఆబ్కారీయే పెద్ద దన్ను. ఇల్లెందు పక్కన బొగ్గు జాడ 1870 దశకం ఆరంభంలో కనుగొనబడి, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చి, 1920లో సింగరేణి కాలరీస్ పేరు స్థిరపడి, ఆ తరువాత కొత్తగూడెం దాని కేంద్రమైన క్రమంలో, గని కార్మికుల జీతం రోజున తెరుచుకునే మత్తు దుకాణం ఈ వూళ్ళ వర్తకంలో ఒక భాగమైపోయినది.

ఆంధ్రప్రదేశ్ 1968లో ఎక్సైజు చట్టం చేసినప్పుడు కూడా ‘మత్తు మందు’ అన్న నిర్వచనంలో గంజాయి చెట్టు ఆకు, కాడ, పూత చేరే వున్నవి. అంటే అప్పటికీ కాగితం మీద అది ఎక్సైజు శాఖ లెక్కలోని సరుకే.

తలుపు మూసినది 1985లో

మార్పు బయట నుంచి వచ్చినది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన 1961లో కుదిరిన మాదకద్రవ్యాల ఒడంబడిక 1964 డిసెంబరులో అమలులోకి వచ్చినది. వైద్యానికి కాని గంజాయి వాడకాన్ని 25 సంవత్సరాలలో నిలిపివేయాలన్నది దాని షరతు. భారతదేశం ఆ గడువును అట్టేపెట్టుకొని సంతకం చేసినది. గడువు 1989తో ముగియవలసి వుండగా, నాలుగేళ్ళు ముందుగానే 1985 నవంబరు 14 నుంచి ఎన్.డి.పి.ఎస్. చట్టం అమలు చేయబడినది. దానితో 1857, 1878 నాటి నల్లమందు చట్టాలు, 1930 నాటి ప్రమాదకర మందుల చట్టం రద్దయినవి. చిల్లర దుకాణానికి తలుపు మూతబడినది.

పూర్తిగా మూతబడినదా అంటే, ఒక సందు మిగిలినది. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ తొడిగిన కొనలు. పూత లేకుండా విడిగా వున్న ఆకు, విత్తు ఆ నిర్వచనంలోకి రావు. ఆకుతో చేసేది భంగు. అందుచేతనే ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి రాష్ట్రాలలో ఎక్సైజు శాఖ లైసెన్సుతో భంగు దుకాణాలు నడుస్తున్నవి. జైసల్మేరులో సర్కారు అనుమతి బోర్డు పెట్టుకున్న దుకాణాన్ని యాత్రికులు ఫోటోలు తీసుకుంటారు. అక్కడ అది దుకాణం గదా అని అక్కడి సరుకు ఇక్కడ దింపుకుంటే కుదరదు. భంగు సంగతి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఎక్సైజు చట్టంలోనిది. ఆయుర్వేదం గోళీలనో, చాక్లెట్లనో పేరు పెట్టి ఉత్తరాది నుంచి వచ్చిన సరుకును 2023, 2024 సంవత్సరాలలో హైదరాబాదు చుట్టుపట్ల కిరాణా, పాన్ దుకాణాలలో పలుమార్లు పట్టుకున్నారు. రూపాయి, రెండు రూపాయల లాభానికి డబ్బాలో పెట్టి అమ్మిన చిల్లర వర్తకుడే అందులో మొదట చిక్కుకున్నాడు.

మరొక తికమక కూడా సరిచేయదగినది. ఇంగ్లీషు కాగితాలలో హెంపు అన్న మాట చూచి కంగారుపడిన విత్తన వర్తకులు లేకపోలేదు. పచ్చిరొట్టకు రైతులు చల్లే జనుము వేరు జాతి. గోగు నార, భీమిలి జనపనార వేరు. వీటికీ గంజాయికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. అసలైన గంజాయి జాతి విత్తు, విత్తుల నూనె ఆహారంగా అమ్మడానికి ఆహార భద్రతా సంస్థ 2021 నవంబరులో అనుమతించినది. విత్తులో మత్తు పదార్థం కిలోకు 5 మిల్లీగ్రాములకు మించరాదు. లైసెన్సు, లేబులు నియమాలు పాటించాలి. ఉత్తరాఖండ్ మత్తు తక్కువ రకాల సాగుకు 2018లోనే దారి తీసినది. గిరాకీ స్వల్పం. ఖమ్మం, కొత్తగూడెం వర్తకులు దీనిని నమ్ముకొని పెట్టుబడి పెట్టేటంత సరుకు ఇంకా లేదు.

డ్రా తీసి దుకాణం యివ్వడం

విదేశాలలో ఏం జరిగినదో చూద్దాం. వర్తకులకు పనికివచ్చే పాఠం అక్కడ వున్నది.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2012 ఎన్నికలలో ప్రజల వోటుతో అనుమతించి 2014 జనవరి 1న చిల్లర దుకాణాలు తెరిపించినది. అయితే రాష్ట్రం అనుమతిస్తే సరిపోదు. తమ వూళ్ళో దుకాణం వుండాలా వద్దా అని తేల్చే అధికారం నగరపాలక సంఘానికి, కౌంటీకి విడిచిపెట్టబడినది. డెన్వర్ నగరం మొదటి రోజునే తెరిచినది. అదే రాష్ట్రంలో రెండవ పెద్ద నగరమైన కొలరాడో స్ప్రింగ్స్ పదేళ్ళు పైగా వద్దని కూర్చొని, 2024 నవంబరులో ప్రజల వోటు తరువాత 2025 ఏప్రిలులో గాని అమ్మకం మొదలుపెట్టలేదు. కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి చట్టబద్ధమైన అమ్మకం వున్నా సగానికి పైగా నగరాలు, కౌంటీలు చిల్లర దుకాణాన్ని రానివ్వలేదు. అక్కడ దొంగ సరుకు నిలదొక్కుకోవడానికి పన్నుల భారంతో పాటు ఇది కూడా కారణమని చెబుతారు.

కెనడాలో 2018 అక్టోబరు 17న అనుమతి వచ్చినది. అంటారియో రాష్ట్రంలో మొదటి విడతగా 25 దుకాణాలకే లైసెన్సులు యివ్వ సంకల్పించి 2019 జనవరిలో డ్రా తీశారు. దరఖాస్తు రుసుము 75 డాలర్లు. వచ్చిన దరఖాస్తులు సుమారు 17 వేలు. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన మిసిసాగా నగరం దుకాణాలు వద్దని మొదట తీర్మానించి, 2023లో తీర్మానం మార్చుకొన్నది. ఈలోగా అంటారియోలో డ్రా పద్ధతి ఎత్తివేసి, అర్హత వున్న వారందరికీ లైసెన్సులివ్వగా దుకాణాలు 1,500 దాటిపోయినవి. ఒకే వీధిలో మూడు, నాలుగు దుకాణాలు వెలిశాయి. 25 వున్ననాడు లైసెన్సు బంగారం. 1,500 అయిననాడు అద్దె కట్టుకోలేక తాళాలు పడ్డవి.

ఈ కథ తెలంగాణ మద్యం వర్తకులకు వింతగా తోచదు. రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలకు 2023లో 2 లక్షల రూపాయల రుసుముతో దరఖాస్తులు పిలిస్తే 1 లక్షా 31 వేలకు పైగా వచ్చినవి. రుసుము తిరిగి యివ్వరు. దుకాణం దక్కని వారి సొమ్మే 2,600 కోట్ల రూపాయలలో అధిక భాగం. 2025లో రుసుము 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేల పైచిలుకుకు తగ్గినవి, రాబడి మాత్రం 2,850 కోట్లు దాటినది. ఆ లైసెన్సులు 2025 డిసెంబరు నుంచి 2027 నవంబరు వరకు. సంవత్సరపు ఎక్సైజు పన్ను జనాభాను బట్టి 50 లక్షల నుంచి 1 కోటి 10 లక్షల వరకు. 75 డాలర్లకు, 3 లక్షలకు తేడా వున్నది గాని ఆట ఒకటే. సర్కారుకు సొమ్ము సీసా అమ్మక ముందే వచ్చిపడుతుంది.

ధర సంగతి మరీ ముఖ్యం. కొలరాడోలో పన్ను లెక్క కోసం టోకు ధరను రాష్ట్ర రెవిన్యూ శాఖ మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. పౌను ధర 2015 ఆరంభంలో 2,000 డాలర్ల దరిదాపుల పలికినది. 2021 ఆరంభంలో 1,700 డాలర్లకు పైన నిలిచినది. 2023 ఆరంభానికి 700 డాలర్ల లోపుకు జారినది. కారణం ఏ పంటకైనా వున్నదే. ధర బాగుందని సాగు పెంచారు. ఇరుగుపొరుగు రాష్ట్రాలూ సొంతంగా తెరుచుకున్నవి. కొలరాడో దుకాణానికి బయటి గిరాకీ పోయినది. రాష్ట్రం దాటించి అమ్ముకునే వీలు లేదు, కేంద్ర చట్టం ఒప్పదు. శీతల గిడ్డంగులు నిండి దిగుమతిదారు లేని సంవత్సరాన మిర్చి రైతుకు ఎదురయ్యేది ఇటువంటి స్థితే.

థాయిలాండు 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసివేసినది. చిల్లర అమ్మకానికి సరైన నిబంధనలు లేకుండానే వేలాది దుకాణాలు వెలిసినవి. మూడేళ్ళు తిరిగేసరికి 2025 జూన్‌లో వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు వచ్చినది. దుకాణానికి పెట్టిన పెట్టుబడి ఎవరు యిస్తారన్న ప్రశ్న అక్కడి వర్తకులకు మిగిలినది.

ఈ ప్రాంతం నుంచి పిల్లలను అమెరికా పంపిన కుటుంబాలు గుర్తుంచుకోవలసినది ఒకటి వున్నది. రాష్ట్ర చట్టం ఒప్పినా అమెరికా కేంద్ర చట్టం ఒప్పలేదు. ఇమ్మిగ్రేషన్ నడిచేది కేంద్ర చట్టం మీద. గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేసినా పౌరసత్వానికి అడ్డు కావచ్చునని అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ 2019లో స్పష్టం చేసినది. దుకాణంలో వాటా కొంటే లాభమని సలహా చెప్పే మిత్రులు ఈ సంగతి చెప్పరు.

గ్రామసభ అధికారం

వూరి సంఘం వద్దంటే దుకాణం రాని పద్ధతి అమెరికాలోనే వున్నదనుకోరాదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చాలా భాగం షెడ్యూల్డు ప్రాంతం. పార్లమెంటు 1996లో చేసిన పెసా చట్టం, ఏ మత్తు పదార్థమైనా సరే, దాని అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, లేదా అదుపు చేసే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి వుండాలని చెప్పినది. షెడ్యూల్డు ప్రాంతాలలో మద్యం దుకాణం లైసెన్సు గిరిజనులకే యివ్వాలన్న నియమమూ వున్నది. లైసెన్సు గిరిజనుని పేర, గల్లాపెట్టె మరొకరి చేతిలో అన్న బినామీ ఆరోపణ దానితో పాటే పుట్టినది. గ్రామసభ తీర్మానం నిజంగా జరిగినదా, కాగితం మీద వేలిముద్రలు పడినవా అన్నది ఏజెన్సీలో ఎన్నడూ తెగని తగవు.

కొత్తగూడెం పట్టణం సంగతి వేరు. పాల్వంచను కలుపుకొని 2025లో కార్పొరేషన్ అయిన ఈ పట్టణానికి మద్యం లైసెన్సు యిచ్చే అధికారం లేదు, అది ఎక్సైజు శాఖది. గంజాయి లైసెన్సు అసలే లేదు. మునిసిపాలిటీ చేతిలో వున్నది ట్రేడ్ లైసెన్సు. పొగాకు చట్టం ప్రకారం పాఠశాల, కళాశాలల చుట్టూ 100 గజాల లోపల సిగరెట్టు, గుట్కా అమ్మరాదు, 18 ఏళ్ళ లోపు వారికి ఎక్కడా అమ్మరాదు. పిల్లవానికి మత్తు పదార్థం అందించితే 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద 7 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. గంజాయి పొట్లం చేతులు మారేది చాలాసార్లు పాన్ డబ్బా నీడలోనే గనుక, పేరుకు చిన్నవైన ఈ నిబంధనలే స్థానిక సంస్థకున్న ఆయుధం. వాటిని వాడిన రోజులకన్న వాడని రోజులే ఎక్కువ.

టార్పాలిన్ కింద

ఇక రెండవ సంగతి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండలలో పండే శీలావతి రకానికి దేశమంతటా గిరాకీ వున్నది. మల్కనగిరి, సీలేరు, చింతూరు వైపు నుంచి దిగే సరుకుకు భద్రాచలం వంతెన ఒక గుమ్మం. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే 30వ నెంబరు జాతీయ రహదారి భద్రాచలం, పాల్వంచ, కొత్తగూడెం మీదుగానే విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం చేరుతుంది. ఇక్కడి నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి మహారాష్ట్రకు దారులు చీలుతవి. బొగ్గు, వెదురు, మిర్చి, కూరగాయలు, ఇనుము నడిచే బాటలోనే అదీ నడుస్తున్నది.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021, 2022 సంవత్సరాలలో వేల ఎకరాల తోటలు నరికించి, 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల సరుకు తగులబెట్టించారు. తెలంగాణ తన మాదకద్రవ్యాల నిరోధక విభాగానికి 2025 జూన్ 26న ఈగల్ అని పేరు మార్చి బలం పెంచినది. నిఘా పెరిగినకొద్దీ సరుకు నడిచే తీరు మారుతున్నది. లారీ నిండా వేసే రోజుల నుంచి, డ్రైవరు సీటు కింద రెండు కిలోలు, క్యాబిన్‌లో ఎక్కించుకున్న మనిషి సంచిలో నాలుగు కిలోలు అన్న పద్ధతికి దిగినది. లారీ యజమానికి ముప్పు పెరిగినది ఇక్కడే. నిండు లోడు గోదాములో తెలుస్తుంది, సీటు కింద పొట్లం తెలియదు.

చట్టంలో శిక్ష తూకాన్ని బట్టి వున్నది. గంజాయి 1 కిలో వరకు స్వల్ప పరిమాణం, ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం 10 సంవత్సరాలు, గరిష్ఠం 20 సంవత్సరాలు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. మధ్యలో వున్నదానికి 10 సంవత్సరాల వరకు. వాణిజ్య పరిమాణం కేసులో బెయిలు రావడం కూడా బహు కష్టం. 1894 సంఘం ఒక మనిషి వద్ద వుండవచ్చునన్న 58 గ్రాములకు నేడు జైలు వున్నది.

యజమానికి సంబంధించిన సెక్షన్లు వేరు. వాహనాన్నో, ఇంటినో, గోదామునో ఈ పనికి తెలిసి వాడనిస్తే సొంతదారు కూడా సరుకు వారితో సమానంగా శిక్షార్హుడు. తెలియదని చెప్పితే చాలదు. మనసులో దురుద్దేశం వున్నదనే కోర్టు మొదట భావించాలని చట్టం చెబుతున్నది, లేదని రుజువు చేసుకోవలసినది నిందితుడే. వాహనం జప్తుకు కూడా అదే తీరు. తనకు తెలియకుండా, తన ఏజెంటుకు, వాహనం నడిపేవానికి కూడా తెలియకుండా జరిగినదని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని యజమాని చూపాలి. నడిపేవానికి తెలియకుండా అన్న మాట దగ్గరే చిక్కంతా వున్నది. సరుకు పెట్టినది డ్రైవరే అయితే?

ఈ చిక్కు మీద సుప్రీంకోర్టు రెండు తీర్పులు వర్తకులకు కొంత ఊరటనిచ్చినవి. 2025 జనవరిలో అస్సాం లారీ కేసు. కిస్తుల మీద కొన్న లారీలో ప్రయాణిస్తున్న మనిషి సబ్బు పెట్టెలలో హెరాయిన్ పట్టుబడినది. విచారణ ముగియక ముందు వాహనాన్ని షరతుల మీద విడుదల చేయడానికి ఈ చట్టంలో అడ్డు లేదని కోర్టు చెప్పినది. బయటి మనిషి దగ్గర సరుకు దొరికితే మామూలుగా విడుదల చేయాలన్నది. యజమాని దగ్గరనో, అతడు పెట్టుకున్న డ్రైవరు దగ్గరనో దొరికితే అంత తేలిక కాదని కూడా అదే తీర్పులో వున్నది. రెండవది 2025 అక్టోబరులో. ఛత్తీస్‌గఢ్ నుంచి తమిళనాడుకు ఇనుప రేకులతో పోతున్న లారీలో 6 కిలోల గంజాయి దొరికినది. కొంత డ్రైవరు సీటు కింద, మిగిలినది లారీలోని మనుషుల వద్ద. లారీ యజమాని నిందితుడు కాడు. పట్టుబడిన సరుకు నిల్వ, ధ్వంసం గురించి 2022లో వచ్చిన నిబంధనలను చూపి కింది కోర్టులు విడుదల కాదన్నవి. ఆ నిబంధనలు ప్రత్యేక కోర్టు అధికారాన్ని తీసివేయజాలవని సుప్రీంకోర్టు తీర్చి లారీని విడిపించినది.

తీర్పు వచ్చేదాకా లారీ ఎక్కడున్నది? ఠాణా ఆవరణలో, ఎండకూ వానకూ. టైర్లు పోతవి, బ్యాటరీ పోతుంది, ఫైనాన్సు కంపెనీ కిస్తు మాత్రం నెలనెలా వస్తుంది. లోడులోని ఇనుపరేకుల వర్తకునికి సరుకు సకాలంలో అందదు. సుప్రీంకోర్టు దాకా పోగల స్తోమత ఒకటి, రెండు లారీలు నడుపుకునే కొత్తగూడెం యజమానికి వుండదు. అందుచేత అతని రక్షణ తీర్పులో కన్న ముందుగా వ్రాసిపెట్టుకున్న కాగితంలో వున్నది.

డ్రైవరు, క్లీనరు లైసెన్సు, ఆధారు నకళ్ళు, వారు ఎప్పుడు చేరినదీ, లోగడ ఎవరి వద్ద పనిచేసినదీ వ్రాసిన పుస్తకం. దారిలో మనుషులను ఎక్కించుకోరాదని సంతకం తీసుకున్న కాగితం. ట్రిప్పు షీటు, లారీ రశీదు, ఈ-వే బిల్లు ఒకదానితో ఒకటి సరిపోవడం. జి.పి.ఎస్. పెట్టిన బండి అయితే దారి తప్పి గంటల తరబడి ఆగిన చోటు గురించి ఆ రోజే అడిగి వ్రాసిపెట్టడం. తగిన జాగ్రత్తలు అన్న మాటకు కోర్టు ముందు చూపదగినవి ఇటువంటివే. ఈ జాగ్రత్తలన్నిటికీ అయ్యే ఖర్చు ఒక రోజు డీజిలుకు రాదు. చేస్తున్నవారు మాత్రం కొద్దిమందే.

పార్సిలు బుకింగు ఆఫీసుల వారికి ఇంకొక మాట. పంపేవాని చిరునామా సరిచూడకుండా, పెట్టె విప్పి చూడకుండా ‘ఇంటి సామాను’ అని రశీదు వ్రాసి యిచ్చే అలవాటు ఈ బాటలో పాతది. భద్రాచలం వైపు నుంచి వచ్చే పెట్టెలకు ఆ అలవాటు ఇక పనికిరాదు. గోదాము అద్దెకు యిచ్చేవారు అద్దె చీటీలో ఏ సరుకు నిల్వ చేస్తారో వ్రాయించుకొని, నెలకొకసారి తాళం తీయించి చూసే హక్కు కూడా అందులోనే పెట్టుకోవలసి వున్నది. రెట్టింపు అద్దెకు ఒప్పుకొని చీటీ వద్దనే మనిషి వస్తే, అతడు నిల్వ చేయబోయేది మిర్చి కాదు.